రాజుగారు నమిలిన ఆకు

ఒకానొక రాజ్యంలో, దాని పేరు మాత్రం అడక్కండి, ఈ కథ ఎత్తితే అక్కడివాళ్లు ఇప్పటికీ చెవులు మూసుకుంటారు, రణధీర భూపతి అని ఒక రాజుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. పన్నుల కోసం జనాన్ని పిండలేదు, యుద్ధాలంటే బద్ధకం. ఉన్నదల్లా ఒకటే జబ్బు, గొప్ప. ఆయన గడప దాటితే ముందు బిరుదులు చదివేవాళ్లు నడవాలి. భోజనానికి కూర్చున్నా బిరుదులన్నీ వినేదాకా ముద్ద ముట్టేవాడు కాడు. ఆ చదువు పూర్తయ్యేసరికి పప్పు చల్లారిపోయేది, నెయ్యి పేరుకుపోయేది. అయినా రోజూ అదే తంతు.

ఆ రాజుగారికి అడపం పట్టేవాడు గుండన. అడపం అంటే తాంబూలపు పెట్టె. భోజనం కాగానే ఆకు మడిచి రాజు చేతికివ్వడం అతని కొలువు. రోజూ రాజుకి అంత దగ్గరగా నిలబడేవాడు ఇంకొకడు లేడు గనక, సరసానికీ సలహాకీ కూడా రాజు అతని వైపే తిరిగేవాడు. గుండన నాలుక సున్నం రాసిన ఆకులాంటిదని కొలువులో చెప్పుకునేవాళ్లు. ముందు చల్లగానే ఉంటుంది, మంట తరవాత తెలుస్తుంది.

ఇక సత్రం సంగతి. రాజుగారి నాయనమ్మ ఏటి ఒడ్డున బాటసారుల కోసం ఒక అన్నసత్రం కట్టించింది. కట్టించి దాన్ని రాజుల చేతిలో పెట్టలేదు. రాజులెలా ఉంటారో ఆవిడకి తెలుసు, ఒక రాజుతో కాపురం చేసింది కదా. ధర్మకర్తల సభ అని ఒకటి ఏర్పాటు చేసింది. ఆ సభకి రాజు పెద్ద. మంత్రి ఒకడు, కోట వైపు నుంచి ఇద్దరు షావుకార్లు, ఏటికి అవతలి ఒడ్డు నుంచి ముగ్గురు. సత్రం నడిపే మనిషిని పెట్టాలన్నా తీసెయ్యాలన్నా ఆ సభే చెయ్యాలి. ఎంత రాజైనా ఒక్కడి మాట చెల్లదు.

ఆ సభని పిలవడానికో పద్ధతి ఉంది. దాన్ని ఆకు చెప్పడం అనేవాళ్లు. ప్రతి ధర్మకర్త గడప దగ్గరికీ మనిషి వెళ్లి, ఆకూ వక్కా చేతిలో పెట్టి, ఫలానా రోజు సభ, ఫలానా సంగతి అని నోటితో చెప్పాలి. ఏరు దాటి రావలసినవాళ్లకి కూడా పడవ అందేంత వ్యవధి ఉండేలా చెప్పాలి. ఎవరినైనా తీసెయ్యాలనుకుంటే మొదటి ఆకు ఆ మనిషి గడపకే వెళ్లాలి, ఎందుకు తీసేస్తారో చెప్పాలి, వచ్చి నాలుగు మాటలు చెప్పుకునే వీలివ్వాలి. అంతా విన్నాక సభలో ఒప్పుకున్నవాళ్లు తమ ఆకు నోట్లో వేసుకుంటారు, ఒప్పుకోనివాళ్లు తిరిగి పళ్లెంలో పెట్టేస్తారు. ఇంతే పద్ధతి. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది, అందుకే పెద్దవాళ్లు మరిచిపోయారు.

సత్రం నడిపేది పేరిందేవమ్మ. చిన్నతనంలోనే భర్త పోతే నాయనమ్మగారి కాలంలో వంటింట్లో చేరింది. జుట్టు నెరిసేసరికి సత్రానికి పెద్దయింది. ఆవిడకి ఇల్లన్నా వాకిలన్నా అదే. ఆవిడ సత్రంలో ఒక కట్టడి ఉండేది. విస్తరి ముందు కూర్చున్న మనిషిని, ఆ మనిషి తనంతట తాను లేస్తే తప్ప, ఎవరూ లేపకూడదు. ఎవరొచ్చినా సరే.

ఒకరోజు ఆ ఎవరొచ్చినా అన్న దాంట్లోకి రాజుగారే వచ్చి పడ్డారు.

వేట నుంచి తిరిగొస్తుంటే ఆకలేసి సత్రం ముందు గుర్రం ఆపాడు. బిరుదులు చదివేవాళ్లు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. లోపల పంక్తి నిండా బాటసారులు, బండివాళ్లు, గాజులమ్మేవాళ్లు కూర్చుని తింటున్నారు. పంక్తిని లేపమని మంత్రి నాగదేవయ్య కేకేశాడు. పేరిందేవమ్మ గరిటె చేతిలో పట్టుకునే వాకిట్లోకి వచ్చి దణ్ణం పెట్టింది.

"ఈ పంక్తి లేవగానే తమకి విస్తరి వేస్తాను ప్రభూ. అందాకా ఆ స్తంభం దగ్గర నీడగా ఉంటుంది, నిలబడండి."

బిరుదులు చదివేవాడు సగం బిరుదు నోట్లో ఉండగానే ఆగిపోయాడు. గుర్రాలవాళ్లు నేల చూపులు చూశారు. రాజుగారిని నిలబడమనడమా? ఆ మాట చెప్పాలంటే ఇవాళ నాకే గుటక పడదు, ఆ రోజు విన్నవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి. బండివాడొకడు మాత్రం లోపల పులుసు జుర్రుకుంటూనే ఉన్నాడు. రాజు ఆ జుర్రుడు వింటూ కాసేపు స్తంభం పక్కన నిలబడి, ఎర్రగా అయిపోయి, తినకుండానే గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

కోటకి వచ్చాక ఆవిడని తీసెయ్యాల్సిందేనన్నాడు. మంత్రికి కావలసిందీ అదే. నాగదేవయ్యకి పనీపాటా లేని మేనల్లుడొకడు ఇంట్లో తిని కూర్చుంటున్నాడు, వాణ్ణి ఎక్కడ కుదర్చాలా అని ఆయన ఎప్పటినుంచో చూస్తున్నాడు. పద్ధతి ఉందిగా అని రాజు ఒక్కసారి నసిగాడు. పద్ధతి తప్పకుండానే చేస్తానని మంత్రి మాటిచ్చాడు. ఎలా చేస్తావని రాజు అడగలేదు. అడగకపోవడమే ఆయన చేసిన తప్పు.

మంత్రి ఎలా చేశాడో వినండి. పెద్ద వడ్డన దగ్గరికొస్తోంది. అంటే సత్రం కట్టిన రోజు. ఆ రోజు సభకి పెద్దయినవాడు, అంటే రాజు, తలపాగా చుట్టుకుని తన చేత్తో మొదటి గరిటె వడ్డిస్తాడు. దానికి చెయ్యబోయే పాయసం ముందుగా రుచి చూడాలి, అందుకే సభ అని మంత్రి ఆకు చెప్పించాడు. కోట వైపు షావుకార్లిద్దరికీ పొద్దున్నే అందింది. పాయసమంటే కాదనేదెవరు, పరిగెత్తుకొచ్చారు. రాజుగారూ వచ్చి కూర్చున్నారు. అవతలి ఒడ్డుకి వెళ్లాల్సిన ఆకు పడవ ఎక్కడమైతే ఎక్కింది గానీ, అది ఒడ్డు చేరేసరికి ఇక్కడ సభ ముగిసిపోయింది. పేరిందేవమ్మకి అసలు ఆకే లేదు. సభ జరుగుతున్నది ఆవిడ అరుగు మీదే కదా, మళ్లీ చెప్పడమెందుకన్నాడు మంత్రి.

పాయసం బాగా కుదిరింది. షావుకార్లు రెండేసి దొన్నెలు లాగించి, త్రేన్చి, చేతిలో ఉన్న ఆకు అలవాటుగా నోట్లో వేసుకున్నారు. మంత్రి సరిగ్గా దాని కోసమే కాచుకుని ఉన్నాడు. లేచి నిలబడి, పేరిందేవమ్మని సత్రం పెత్తనం నుంచి తీసేసి ఆ స్థానంలో తన మేనల్లుణ్ణి పెట్టడానికి సభ ఒప్పుకుందని ప్రకటించాడు. షావుకార్ల నోళ్లు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి, తాంబూలం కనబడుతూనే ఉంది. ఇది పాయసం తాంబూలం కదా అని ఒకాయన గొణిగాడు. నమిలాక ఆకు ఆకేనన్నాడు మంత్రి. అవతలి ఒడ్డు వాళ్లు రాలేదే అని రెండో ఆయన అన్నాడు. వచ్చినవాళ్లే సభ అన్నాడు మంత్రి.

అప్పుడే పేరిందేవమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. బెల్లం సరిపోయిందా అని అడగడానికి వచ్చింది పాపం. మంత్రిగారి మేనల్లుడు వెళ్లి ఆవిడ చేతిలో గరిటె తీసుకున్నాడు. ఆవిడకి అప్పటికీ అర్థం కాలేదు. తోమడానికి తీసుకున్నాడనుకుని, ఇంకా పని ఉంది నాయనా అంది.

గుండన రాజు వెనకే అడపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొలువులో ఎన్నో చూశాడు గానీ ఇంత దగా చూడలేదు. నలుగురి నోరూ తీపి చేసి ఒకరి నోటి దగ్గర కూడు లాగేస్తారా? రాజు వైపు చూశాడు. రాజు కూడా కాస్త ఉలిక్కిపడ్డాడు. కానీ గొప్ప ఉన్నవాడికి సిగ్గు ఆలస్యంగా వస్తుంది. లేచి వెళ్లిపోయాడు.

గుండన ఊరుకునేవాడేమో, నేను చెప్పలేను. కొలువు పోతే అతని ఇంట్లోనూ పొయ్యి వెలగదు. కానీ మర్నాడు మధ్యాహ్నం సత్రం ముందు నుంచి వెళుతూ ఇంకొకటి చూశాడు. మంత్రిగారి బంధువులెవరో బళ్లలో వచ్చారు. కొత్త పెత్తందారు పంక్తిలోకి వెళ్లి చప్పట్లు కొట్టి, అందరూ లేవండి, పెద్దవాళ్లొచ్చారు అన్నాడు. దూరం నుంచి నడిచొచ్చిన ఒక ముసలి తాత, కలిపిన ముద్ద చేతిలో ఉండగా లేచాడు. ఆ ముద్ద ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని అలాగే గుప్పిట్లో పట్టుకుని బయటికొచ్చి నిలబడ్డాడు. విస్తరి ముందు నుంచి మనిషిని లేపడం, మన దేశంలో పగవాడు కూడా చెయ్యని పని. గుండన ఆ సాయంత్రమే పడవెక్కి ఏరు దాటాడు.

పేరిందేవమ్మ అవతలి ఒడ్డున చెన్నప్ప ఇంట్లో తలదాచుకుంది. చెన్నప్ప నేతవాళ్ల పెద్ద, సత్రం ధర్మకర్తల్లో ఒకడు. పాయసం సభ అని ఆకందుకుని, ఉతికిన పంచె కట్టుకుని, పడవ దిగి వచ్చేసరికి ఖాళీ దొన్నెలు చూసిన మనిషి. ఆయన ఇంకా తేరుకోలేదు. గుండన తన ఉపాయం చెప్పాడు. మంత్రి వాళ్లు చేసినట్టే మనమూ ఒక సభ పెడదాం, అచ్చు అదే పద్ధతిలో, అని. ఎవరిని తీసెయ్యడానికి అని చెన్నప్ప అడిగాడు. రాజుగారిని, అన్నాడు గుండన.

చెన్నప్ప చేతిలో నూలుకండె జారి గది ఆ మూల దాకా దొర్లిపోయింది.

"తల తీసేస్తార్రా అబ్బాయ్."

"రాజ్యం నుంచి కాదు మావా, సత్రం పెద్దరికం నుంచి. తల తీస్తే ముందు నాదే తీస్తారు, రోజూ దగ్గరగా నిలబడేవాణ్ణి నేనే కదా."

పేరిందేవమ్మకి ఇది నచ్చలేదు. నాకు జరిగిందే ఆయనకీ చేస్తే నీకూ మంత్రికీ తేడా ఏముంది నాయనా, ఆయనకీ ఆకు చెప్పాలి కదా అని పట్టుబట్టింది. అన్యాయం జరిగినప్పుడు కూడా పద్ధతి తలుచుకునే మనుషులుంటారు చూడండి, అలాంటి మనిషి. గుండన ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టి, రాజుగారికి ఆకు నా చేత్తోనే ఇస్తానమ్మా, మంత్రిగారు ఎంత విడమరిచి చెప్పారో నేనూ అంతే విడమరిచి చెబుతాను, ఈ పని చెల్లాలని కాదు, చెల్లదని ఆయన నోటితోనే అనిపించాలని చేస్తున్నానన్నాడు. ఆవిడ ఒప్పుకుని, ఆయన్ని నొప్పించకు, నాయనమ్మ దగ్గర పెరిగిన పిల్లాడు అంది. పెద్ద వడ్డన రోజు నేను కూడా వచ్చి బాటసారులతో పాటు పంక్తిలో కూర్చుంటాను, నాకిప్పుడు అంతకన్నా పనేముంది అని కూడా అంది.

పెద్ద వడ్డనకి ముందు రోజు. రాజు భోజనం ముగించాడు, పప్పు ఎప్పటిలాగే చల్లగా ఉంది. గుండన ఆకు మడిచి చేతికిస్తూ, అవతలి ఒడ్డున ఇవాళ సాయంత్రం చల్లగాలి బాగా వీస్తుందని నలుగురూ కూర్చుంటున్నారు ప్రభూ అన్నాడు. రాజు ఊఁ అన్నాడు. ఆకు నోట్లో వేసుకుని నమిలాడు. ఆ సాయంత్రం అవతలి ఒడ్డున ధర్మకర్తలు ముగ్గురూ కూర్చున్నారు, గాలి కూడా వీచింది. మంత్రికీ షావుకార్లకీ పంపిన ఆకులు పడవెక్కాయి గానీ, అవి ఇవతలికి చేరేసరికి సభ ముగిసింది.

మర్నాడు పెద్ద వడ్డన. సత్రం ముందు జనం క్రిక్కిరిసి ఉన్నారు. పంక్తి చివర, బాటసారుల మధ్య, పేరిందేవమ్మ తల వంచుకుని కూర్చుంది. రాజు కొత్త తలపాగా చుట్టుకుని ఏనుగు మీద వచ్చాడు. బిరుదులు మొదలయ్యాయి. రణరంగభీముడు అయింది, అరిగండరగండడు అయింది, ఇంకేవేవో అయ్యాయి. చివరికి, సత్రప్రథమధర్మకర్త, అని చదవబోయేసరికి చెన్నప్ప ముందుకొచ్చి చెయ్యెత్తాడు.

"ఆ ఒక్కటీ వదిలేయి నాయనా. అది నిన్నటిదాకానే."

బిరుదులవాడు కొయ్యబారిపోయాడు. అతని వంశంలో ఎవరూ ఎప్పుడూ బిరుదు వదిలిపెట్టలేదు. జనంలో తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. రాజుకి తన చెవుల మీద తనకే నమ్మకం కలగలేదు. ఏనుగు దిగి, ఏమిటన్నావని అడిగాడు. తమర్ని సత్రం పెద్దరికం నుంచి తీసేశామని చెన్నప్ప చెప్పి, మీసాల మీద చెమట తుడుచుకున్నాడు.

రాజు మొహంలో నెత్తురు లేదు. యుద్ధంలో ఓడిపోయినా అంత నివ్వెరపోయేవాడు కాడేమో. ఈ సత్రంలో మొదటి గరిటె తనది. చిన్నప్పుడు నాయనమ్మ తన చెయ్యి పట్టుకుని వడ్డించడం నేర్పింది ఇక్కడే. ఉన్న బిరుదులన్నిట్లో ఆయన నిజంగా సంపాదించుకోవాలనుకున్నది ఇదొక్కటే. అది పోయిందని నలుగురి ముందూ ఒక నేతవాడు చెబుతున్నాడు.

"నేను లేకుండా సభేమిటి?" అన్నాడు రాజు.

గుండన అడపంతో సహా ముందుకొచ్చాడు. "వచ్చినవాళ్లే సభ ప్రభూ. మంత్రిగారు చెప్పిన ధర్మం."

"నాకెవరూ ఆకు చెప్పలేదు."

"చెప్పాను ప్రభూ. నిన్న నా చేత్తోనే ఇచ్చాను. తమరు అందుకోవడమే కాదు, నమిలేశారు కూడా. అంటే తమరే ఒప్పుకున్నారు."

"అది భోజనం తాంబూలం."

"షావుకార్లు నమిలింది పాయసం తాంబూలం ప్రభూ. నమిలాక ఆకు ఆకేనట."

"నువ్వు చల్లగాలి సంగతి చెప్పావు," అన్నాడు రాజు. "నన్ను తీసేసే సంగతి నాకు చెప్పలేదు. నా మాట ఎవరూ వినలేదు. మనిషికి తెలియకుండా, ఎందుకో చెప్పకుండా, నోరు విప్పే వీలివ్వకుండా తీసేస్తే అది సభ కాదు, దొంగతనం. అది చెల్లదు."

గుండన అడపం కింద పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ప్రభువుల నోట వచ్చిన మాట. ఇదే మాట దండోరా వేయించమని సెలవా?"

తనదాకా వస్తే గానీ తెలియదంటారు. రాజుకి అప్పుడు తెలిసింది. తను ఇప్పుడన్న ప్రతి మాటా అనడానికి ఇంకొకరికి హక్కుందని, ఆవిడకి అనే వీలు కూడా ఇవ్వలేదని తెలిసింది. పంక్తి చివరికి చూశాడు. పేరిందేవమ్మ ఖాళీ విస్తరి ముందు కూర్చుని, కంగారుగా ఆయన వైపే చూస్తోంది, నొప్పించారేమోనని.

చెన్నప్ప కళ్లు మూసుకుని తన కులదేవతని తలుచుకుంటున్నాడు. అప్పుడు రాజు చూపు బిరుదులవాడి మీద పడింది. వాడు ఇందాకటి నుంచీ ఆ బిరుదు చదవాలో మింగాలో తెలియక నోరు తెరుచుకునే ఉన్నాడు. రాజుకి ముందు పెదవులు కదిలాయి, తరవాత భుజాలు కదిలాయి, తరవాత తలపాగా జారి మెడలో పడేంతగా నవ్వు వచ్చింది. జనం బెదిరిపోయారు. రాజుగారు నవ్వడం వాళ్లెవరూ అంతకు ముందు చూడలేదు.

"నోరు మూసుకోరా నాయనా, ఈగలు పోతాయి," అన్నాడు బిరుదులవాడితో. తరవాత గుండన వైపు తిరిగి దండోరా వేయించమన్నాడు. సత్రంలోనే కాదు, కొలువులో కూడా ఎవరిని తీసెయ్యాలన్నా ఇక ఇదే పద్ధతి అన్నాడు. తనని తీసెయ్యడమూ చెల్లదు, పేరిందేవమ్మని తీసెయ్యడమూ చెల్లదు అన్నాడు. మంత్రిగారి మేనల్లుడు అప్పటికే పెరటి దారిన పోయాడు, గరిటె మాత్రం గోడ మీద పెట్టి పోయాడు.

కానీ పేరిందేవమ్మ అక్కడితో వదల్లేదు. నా మీద తమకి కోపం ఉందిగా ప్రభూ, పద్ధతిగా సభ పిలిచి అడగండి, చెప్పుకుంటానంది. సరేనన్నాడు రాజు. ఈసారి ఆకు చెప్పడానికి మంత్రే స్వయంగా వెళ్లాలన్నాడు. నాగదేవయ్యకి నీళ్లంటే భయం. పడవలో రెండు చేతులతో అంచు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఏరు దాటి, గడప గడపకీ వెళ్లి ఆకులిచ్చి వచ్చాడు. మొదటి ఆకు పేరిందేవమ్మకే ఇచ్చాడు, తమరు పంక్తి లేపకుండా రాజుగారిని నిలబెట్టినందుకు సభ అమ్మా అని నోటితో చెప్పి మరీ ఇచ్చాడు.

సభకి అందరూ వచ్చారు. రాజు తన మాట తనే చెప్పాడు. తరవాత పేరిందేవమ్మ లేచింది.

"తమరు నిలబడిన స్తంభం దగ్గరే తమ నాయనమ్మగారు నిలబడేవారు ప్రభూ. ఆకలేసి వచ్చినా సరే, పంక్తి లేచేదాకా అక్కడే ఆనుకుని నిలబడేవారు. ఆ కట్టడి పెట్టింది ఆవిడే. నేను వంటింట్లోంచి చూసేదాన్ని."

రాజు లేచి వెళ్లి ఆ స్తంభం చూశాడు. ఒకచోట, పొట్టి మనిషి భుజం ఎత్తున, రాయి నున్నగా అరిగి ఉంది. దాని మీద చెయ్యి పెట్టి, అటు తిరిగే అడిగాడు.

"ఈ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్నెవరూ పిలవలేదు కదా బాబూ," అందావిడ.

రాజు తన ఆకు తీసి పళ్లెంలో పెట్టేశాడు. ఆయన వెనక అందరి ఆకులూ పళ్లెంలోకే వచ్చాయి, మంత్రిది కూడా. పేరిందేవమ్మ గరిటె తీసుకుని లోపలికి వెళ్లింది, అవతల పంక్తికి వేళవుతోందని.

గుండనకి బహుమానం ఏమిచ్చారని అడుగుతారు కదా. ఇవ్వలేదు. కొన్నాళ్లు ఏమీ ఇవ్వలేదు. అతనూ అడగలేదు. తల మెడ మీద ఉండటమే బహుమానం అనుకున్నాడు. అంతలో ఒకనాటి పొద్దున మంత్రి అతని గడప ముందుకొచ్చి, ఆకూ వక్కా చేతిలో పెట్టి, రేపు కొలువులో సభ, గుండనని అడపం కొలువు నుంచి తీసెయ్యడం విషయం అని చెప్పి వెళ్లిపోయాడు.

గుండన గడప మీదే కూలబడ్డాడు. రాజు నవ్వింది పైకేనా, కోపం లోపల దాచుకున్నాడా? భార్యకి చెబితే, పద్ధతిగానే చెప్పారుగా, ఏడుస్తారెందుకు అంది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారనే సామెత అతనికి ఆ రాత్రంతా గుర్తొస్తూనే ఉంది.

మర్నాడు సభలో రాజు మొహం బిగించుకుని కూర్చున్నాడు. తన చేతికే ఆకిచ్చి తననే తీసేయించినవాడు అడపం పట్టడానికి తగడని, చెప్పుకునేది ఉంటే చెప్పుకోమని అన్నాడు. ఏం చెబుతాడు? ఆకిచ్చిన మాట నిజమేనన్నాడు గుండన. కొలువంతా ఆకులు నమిలింది. అడపం ఇంకొకడి చేతికి వెళ్లింది. గుండన దణ్ణం పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఆగు. ఇంకో సంగతి ఉంది," అన్నాడు రాజు. "నీకు ఇంకో కొలువు ఇద్దామనుకుంటున్నాను."

అలవాటు ఎక్కడికి పోతుంది, గుండన నోరు తనంతట తనే జారింది. "నాకిచ్చిన ఆకులో ఆ సంగతి లేదు ప్రభూ. ఇవాళ చెల్లదు."

అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ ఆలస్యమైపోయింది. రాజు సింహాసనం చేతులు పట్టుకుని పగలబడి నవ్వాడు. నువ్వు అలాగే అంటావని నాకు తెలుసులే, అయితే ఇంటికి పో, ఆకు వస్తుంది అన్నాడు.

ఆ సాయంత్రం ఆకు వచ్చింది. తెచ్చింది ఎవరో చూసి వీధి వీధంతా తలుపుల్లో నిలబడిపోయింది. రాజే నడిచి వచ్చాడు. ముందు బిరుదులవాళ్లు లేరు, వెనక గొడుగు లేదు. తన చేత్తో మడిచిన ఆకు గుండన చేతిలో పెట్టి, రేపు సభ, రాజ్యంలో ఏ సభ జరిగినా గడప గడపకీ ఆకు చెప్పే అధికారిగా గుండనని పెట్టడం, ఏటి ఒడ్డున మాగాణి ఇవ్వడం విషయాలు అన్నాడు. ఏ ఒక్కటీ మరిచిపోలేదు, చూసుకో అన్నాడు.

గుండనకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ సంతోషంలో ఆకు అక్కడే నోట్లో పెట్టుకున్నాడు. రాజుగారు జన్మలో ఎప్పుడూ ఆకు మడవలేదు, సున్నం ఎంత రాయాలో ఆయనకేం తెలుసు. గుండన నాలుక భగ్గుమంది. మాట్లాడబోతే మాట రాలేదు. ఆ రాజ్యంలో అందరి నోళ్లూ మూయించినవాడు నోరు పట్టుకుని వాకిట్లో గెంతుతున్నాడు.

"సభ రేపు కదయ్యా, ఇవాళే నమిలేస్తే ఎలా?" అని రాజు నవ్వుకుంటూ కోటకి వెళ్లాడు.

బిరుదులవాళ్లని ఇంటికి పంపేసి ఉన్నాడు గనక, ఆ పూట నేరుగా భోజనానికి కూర్చున్నాడట. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఉలిక్కిపడ్డాడట. పప్పు వేడిగా ఉంటుందని ఆయనకి అప్పటిదాకా తెలియదు.